చిన్న అక్వేరియంలో ఏ చేపకు ఏ చేప తోడు?

సంపాదకులకు నమస్కారం.

ఇంట్లో చిన్న గాజు తొట్టె పెట్టుకుని ముచ్చటగా చేపలు పెంచుకోవాలనుకున్నవారిలో చాలామంది, కొద్ది నెలలు గడవకుండానే సగం చేపలను పోగొట్టుకుని, నీళ్లు పడలేదనో మేత మంచిది కాదనో సరిపెట్టుకోవడం ఎన్నో ఏళ్లుగా చూస్తున్నాను. ఆ పొరపాటు ఎక్కువసార్లు చేపలను కొన్న రోజే జరిగిపోతుంది. రంగు చూసి ఎంచుకుంటాం గాని, ఏ చేప పక్కన ఏ చేప బతుకుతుందని అడగం. అడిగినా చాలాచోట్ల సరైన జవాబు దొరకదు.

నేనూ అలాగే మొదలుపెట్టాను. 60 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 30 ఎత్తు, అంటే అంచుల దాకా నింపితే 54 లీటర్లు పట్టే తొట్టెలో పది నియాన్ టెట్రాలను, బొటనవేలి గోరంత ఉన్న రెండు ఏంజెల్ చేపలను కలిపి వేశాను. రెండూ సాధువైన జాతులేనని అమ్మినవారు చెప్పారు, కొన్ని నెలలపాటు ఆ మాట నిజమే అనిపించింది. ఆ తరువాత ఉదయం లైటు వేసి లెక్కపెడితే టెట్రాలు ఒక్కొక్కటిగా తగ్గుతూ వచ్చాయి. చచ్చిన చేప నీటిపై తేలలేదు, తొట్టె చుట్టూ నేల మీద కనిపించలేదు, ఫిల్టర్ విప్పి చూసినా లేదు. చివరికి ఒకనాడు తెల్లవారుజామున ఏంజెల్ నోటి నుంచి ఎర్రటి తోక ఒకటి బయటికి వేలాడుతూ ఇంకా కదులుతుండడం నా కళ్లతో చూశాను. ఏంజెల్‌ను తప్పుపట్టడానికి ఏమీ లేదు. నోట్లో పట్టే చేపను పెద్ద చేప మింగుతుంది, అమెజాన్ నీళ్లలోనైనా మన గాజు తొట్టెలోనైనా. గోరంత ఉన్నప్పుడు కాక, అరచేయంత అయ్యాక అది ఎలా ఉంటుందో నేను ముందే తెలుసుకుని ఉండవలసింది.

పెరిగాక ఎంతవుతుందన్నదే అన్నిటికన్నా ముందు అడగవలసిన ప్రశ్న. అద్దానికి పట్టిన నాచు తింటుందని ఇచ్చే సక్కర్ చేప, వెండిలా మెరిసే సిల్వర్ షార్క్, పిల్లగా ఉన్నప్పుడు ముద్దొచ్చే ఆస్కార్ 30 సెంటీమీటర్లకు చేరుకునే జాతులు. గోల్డ్ ఫిష్ కూడా చిన్న తొట్టెకు తగినది కాదు. అది బాగా పెరుగుతుంది, విపరీతంగా వ్యర్థాలు వదులుతుంది, పైగా మిగిలినవాటికి నచ్చే వెచ్చని నీరు దానికి పడదు. 20 డిగ్రీల దగ్గర హాయిగా ఉండే గోల్డ్ ఫిష్‌ను, 26 డిగ్రీలు కోరుకునే ఫైటర్ చేపను ఒకే నీటిలో ఉంచితే ఏదో ఒకటి రోజూ అవస్థపడుతూనే ఉంటుంది. అవి కొట్టుకోవడం లేదు కదా అని మనం తృప్తిపడుతుంటాం.

ఇక స్వభావం సంగతి. రెండు మగ ఫైటర్లను కలపకూడదని అందరికీ తెలుసు గాని, పొడవైన తోకలున్న మగ గప్పీని చూసినా ఫైటర్ పోటీదారుగా పొరబడి మీద పడవచ్చునని తెలిసినవారు తక్కువ. టైగర్ బార్బ్‌లు నెమ్మదిగా ఈదే చేపల రెక్కలను కొరుకుతాయి. ఏంజెల్ పొట్ట కింద దారాల్లా వేలాడే రెక్కలు వాటికి కనిపిస్తే వదలవు. ఒంటరితనం కూడా చేపకు కీడే. నియాన్ టెట్రా, కోరిడోరాస్ వంటివి గుంపుగా బతికే జాతులు. జాతికి రెండేసి చొప్పున తెచ్చి వేస్తే అవి బెదిరి మూలన నక్కుతాయి, రంగు పాలిపోతాయి. కనీసం ఆరు కలిసి ఉన్నప్పుడే వాటి అసలు నడక కనిపిస్తుంది.

నా మాట వినేవారికి 54 లీటర్ల తొట్టెకు నేను చెప్పేది ఇది: మధ్య నీటిలో ఒకే జాతి చిన్న చేపలు, హార్లెక్విన్ రాస్బోరాలో నియాన్ టెట్రాలో ఎనిమిది, అడుగున మెత్తటి ఇసుక మీద చిన్న రకం కోరిడోరాస్ ఆరు, పైన కావాలనుకుంటే ఒక హనీ గౌరామి. అంతకు మించి వద్దు. వీటినైనా ఒకే రోజు వేయకూడదు. చేపల వ్యర్థాల నుంచి వచ్చే అమ్మోనియాను నైట్రైట్‌గా, దానిని నైట్రేట్‌గా మార్చే సూక్ష్మజీవులు ఫిల్టర్ స్పాంజిలో స్థిరపడడానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఆ లోపల నీరు ఎంత తేటగా కనిపించినా చేపకు విషమే కావచ్చు. స్పాంజిని క్లోరిన్ కలిసిన కుళాయి నీటితో కడిగితే ఆ సూక్ష్మజీవులు చచ్చి కథ మళ్లీ మొదటికి వస్తుంది కాబట్టి, తొట్టెలోంచి తీసిన నీటిలోనే పిండాలి.

మీ పత్రిక ద్వారా చేపలు అమ్మేవారికి నా విన్నపం ఒక్కటే. ప్రతి తొట్టె మీద చేప పేరుతోపాటు అది పెరిగాక ఎంతవుతుందో, ఎంత వేడి నీరు కావాలో, కనీసం ఎన్ని కలిసి ఉండాలో, ఏ జాతులతో కలపకూడదో నాలుగు ముక్కలు రాసి అంటించండి. తొట్టెలో ఇమడని చేపలను చెరువుల్లో, కాలువల్లో వదిలేసే పరిస్థితి కొనేవారికి రాకుండా ఉండాలన్నా, అక్కడి స్థానిక చేపలకు కొత్త ముప్పు రాకుండా ఉండాలన్నా ఈ సమాచారం చేపను సంచిలో వేయక ముందే అందాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు