ఎక్సోమ్ రిపోర్టు ‘నార్మల్’ అంటే జబ్బు లేదని కాదు

తెలంగాణ ఆరోగ్య శాఖ మంత్రిగారికి,

నమస్కారం. నడక తూలుతూ, మాట ముద్దగా వస్తున్న రోగి. తండ్రికీ మేనత్తకీ అదే జబ్బు. ఇలాంటివారికి చాలాచోట్ల ముందుగా రాసేది ఎక్సోమ్ సీక్వెన్సింగ్, అంటే జన్యువుల్లో ప్రొటీన్ తయారీకి పనికొచ్చే భాగాలను చదివే పరీక్ష. వేలకు వేలు పోశాక ‘నార్మల్’ అని వస్తుంది. జన్యు జబ్బు కాదనుకుని ఇంట్లోవాళ్లు అక్కడితో వదిలేస్తారు. ల్యాబ్ తప్పేమీ లేదు. రాయాల్సిన పరీక్షే అది కాదు.

మన దేశంలో తరచూ కనిపించే వంశపారంపర్య అటాక్సియాలు (నడక, మాట అదుపు తప్పే నరాల జబ్బులు) ఎస్‌సీఏ (స్పైనోసెరిబెల్లార్ అటాక్సియా) 1, 2, 3, 12 రకాలు; వీటిలోనూ ఒంట్లో అదుపులేని కదలికలు తెచ్చే హంటింగ్టన్ జబ్బులోనూ జన్యువులో సీఏజీ అనే మూడక్షరాలు లెక్కకు మించి రిపీట్ అవుతాయి. ఎస్‌సీఏ 2 జన్యువులో చాలామందికి ఇవి 22 సార్లుంటాయి. 33, ఆపైన ఉంటే జబ్బు. ఎక్సోమ్‌లో డీఎన్‌ఏను దాదాపు 150 అక్షరాల ముక్కలుగా చదువుతారు. ఒకే రంగు పూసల దండను తుంచి పోగేస్తే పూసలెన్నో తేలనట్టే, పొడవాటి రిపీట్ల లెక్క ఇందులో తేలదు. ఫ్రెడ్రీక్ అటాక్సియాలో పెరిగే జీఏఏ రిపీట్లయితే ఇంట్రాన్‌లో, అంటే జన్యువులో ప్రొటీన్ తయారీకి వాడని భాగంలో ఉంటాయి. ఎక్సోమ్ అటు చూడనే చూడదు.

చేయాల్సింది ఫ్రాగ్మెంట్ అనాలిసిస్ (పీసీఆర్‌తో ఆ డీఎన్‌ఏ ముక్కకు కాపీలు తీసి పొడవు కొలవడం), దానికి తోడు రిపీట్-ప్రైమ్డ్ పీసీఆర్ (మామూలు పీసీఆర్‌కు అందని పొడవాటి రిపీట్లను పట్టేది). ఈ రెండోది ఎగ్గొట్టినచోటే పొరపాటు జరుగుతుంది. ఎస్‌సీఏ 2కు చేసిన మొదటి పరీక్ష గ్రాఫులో 22 దగ్గర ఒకే పీక్ (శిఖరం) వచ్చిందనుకోండి. అమ్మ నుంచి, నాన్న నుంచి వచ్చిన జన్యు ప్రతులు రెండూ 22 అయినా కావచ్చు, రెండో ప్రతి మరీ పొడవై మామూలు పీసీఆర్‌కు అందకపోయినా కావచ్చు. లెక్క ముందే తెలిసిన కంట్రోల్ నమూనాలు ప్రతి బ్యాచ్‌లోనూ ఉండాలి. హంటింగ్టన్‌లో 35 అయితే ఆ మనిషికి జబ్బు రానట్టే, 36 అయితే రావచ్చు. అక్కడ ఒక్క అంకె తప్పితే ఎలా?

అందుకే అడుగుతున్నాం. ఎక్సోమ్‌కన్నా చవకైన ఈ రిపీట్ పరీక్షలు ముందు చేయాలని, ఖర్చు ప్రభుత్వమే భరిస్తుందని ఉత్తర్వు ఇవ్వండి. జిల్లా మెడికల్ కాలేజీల్లో 3 ఎంఎల్ రక్తం ఊదారంగు మూత ఈడీటీఏ ట్యూబులో తీసి హైదరాబాద్ పంపితే చాలు. ఆకుపచ్చ మూత ట్యూబు వద్దు, అందులోని హెపారిన్ పీసీఆర్‌ను అడ్డుకుంటుంది. 2021 అరుదైన వ్యాధుల జాతీయ విధానం కింద గుర్తింపు ఉన్న సీడీఎఫ్‌డీ (డీఎన్‌ఏ ఫింగర్‌ప్రింటింగ్, డయాగ్నస్టిక్స్ కేంద్రం), నిమ్స్ ఆసుపత్రి రెండూ ఇక్కడే ఉన్నాయి.

లక్షణాలు లేని తోబుట్టువులకు పరీక్షకు ముందూ తర్వాతా కౌన్సెలింగ్ తప్పనిసరి చేయండి. పెద్దయ్యాక వచ్చే ఈ జబ్బులకు, లక్షణాలు లేని 18 ఏళ్లలోపు పిల్లలను పరీక్షించకూడదు. ఫలితం కూర్చోబెట్టి చెప్పాలి. వాట్సాప్‌లో పీడీఎఫ్ పంపి ఊరుకోవడం ఘోరం.

ఇంకొక్కటి. మేనరికం ఇళ్లలో పిల్లలకు ఫ్రెడ్రీక్ లాంటి లక్షణాలుంటే రక్తంలో విటమిన్ ఇ కూడా చూడాలి. ట్యూబుకు వెలుతురు తగలకుండా ఫాయిల్ చుట్టాలి. జన్యులోపం వల్ల విటమిన్ ఇ తగ్గి వచ్చే అటాక్సియాకు మందు ఉంది: ఎక్కువ మోతాదులో అదే విటమిన్, జీవితాంతం. తొందరగా మొదలుపెడితే జబ్బు ముదరదు.

ఇట్లు,
నాడీ వైద్యులు, జన్యు ల్యాబ్ సిబ్బంది