పారాణికి కూడా యానిమేషనేనా?

సంపాదకుడు గారికి,

హైస్కూల్లో డిజిటల్ ప్యానెల్ మీద కెమిస్ట్రీ పాఠం అంటూ గత వారం మీ గుంటూరు జిల్లా పేజీలో వేసిన వార్త, ఫొటో చూశాను. ఆ రోజే రాద్దామని కూర్చుంటే కోపం తగ్గాక రాయమంది మా ఆవిడ. తగ్గలేదు.

ఫొటోలో తెర మీద మెగ్నీషియం రిబ్బను మండుతోంది, పక్కన అధికారులు నవ్వుతూ నిలబడ్డారు, పిల్లలు చప్పట్లు కొడుతున్నారు. అయ్యా, మెగ్నీషియం రిబ్బన్ని బొమ్మలో మండించడం ఏమిటండీ? ఇప్పటి పదో తరగతి పుస్తకం తెరిస్తే మొట్టమొదటి ప్రయోగమే అది. గరుకు కాగితంతో రుద్దిన వేలెడు రిబ్బను, ఒక పట్టకారు, ఒక స్పిరిట్ లాంపు ఉంటే అయిపోతుంది. కళ్లు జిగేల్‌మనే ఆ వెలుగు, వాచ్ గ్లాసులో రాలిన తెల్ల బూడిద, దాన్ని నీళ్లలో కలిపి ఎర్ర లిట్మస్ ముంచితే నీలంగా మారడం, ఇవి పిల్లవాడు స్వయంగా చూడాల్సినవి. నేరుగా చూడొద్దురా అని మాస్టారు అరవడం కూడా పాఠంలో భాగమే.

ప్యానెళ్లు వద్దనే చాదస్తం నాకు లేదు. ఉప్పు నీళ్లలో కరిగేటప్పుడు నీటి అణువులు ఆక్సిజన్ వైపుని సోడియం అయాన్‌కి, హైడ్రోజన్ వైపుని క్లోరైడ్ అయాన్‌కి తిప్పి, స్ఫటికంలోంచి ఒక్కొక్కదాన్నే ఊడదీసుకుపోవడాన్ని సుద్దముక్కతో చెప్పి చెప్పి గొంతు పోగొట్టుకున్నవాణ్ణి. మధ్యలో కార్బన్, చుట్టూ నాలుగు హైడ్రోజన్లు ఉండే మీథేన్ అణువుని బోర్డు మీద ప్లస్ గుర్తులా గీస్తే బంధకోణం, అంటే రెండు బంధాల మధ్య కోణం, 90 డిగ్రీలే అనుకుంటారు పిల్లలు, అదే తెర మీద అటూ ఇటూ తిప్పి చూపిస్తే 109.5 అంటే నమ్ముతారు. గ్లాస్గో విశ్వవిద్యాలయంలో కెమిస్ట్రీ బోధన మీద పరిశోధన చేసిన అలెక్స్ జాన్‌స్టన్ ఈ సంగతి 1980ల్లోనే తేల్చి చెప్పాడు. కంటికి కనబడే మార్పు ఒకటి, కనబడని అణువుల సంగతి ఇంకొకటి, గుర్తులూ సమీకరణాలూ మూడోది, ఈ మూడింటి మధ్యా తిరగలేకే పిల్లలకి కెమిస్ట్రీ కష్టమవుతుందని. తెర పనికొచ్చేది ఆ రెండోదానికి. మనవాళ్లు మొదటిదాన్ని కూడా తీసుకెళ్లి తెర మీదే పెట్టారు!

ఆ చూపించేదైనా సరిగ్గా చూపిస్తున్నారా అంటే అదీ లేదు. వీడియో నొక్కడం, అయిపోయేదాకా చూడటం, మధ్యలో ఆపి తర్వాత ఏమవుతుందో చెప్పరా అని అడిగే నాథుడు లేడు. నోబెల్ గ్రహీత కార్ల్ వీమన్ 2002లో కొలరాడో విశ్వవిద్యాలయంలో మొదలుపెట్టిన ఫెట్ (PhET) సిమ్యులేషన్లు, అంటే కంప్యూటర్‌లో కదిపి చూసే నమూనాలు, ఉన్నాయి, పూర్తిగా ఉచితం, పిల్లలే వేడి పెంచి తగ్గించి అణువులు ఏం చేస్తున్నాయో చూసుకోవచ్చు, ఒకసారి దించుకుంటే నెట్ లేకపోయినా నడుస్తాయి. వాటి గురించి శిక్షణలో ఎవరైనా చెప్పారా? విజయవాడలో మా మనవడు చదివే ప్రైవేటు బడిలో డిజిటల్ క్లాస్‌రూమ్ అని విడిగా ఫీజు గుంజుతారు. వాడినడిగితే ఆక్సిజన్ ఎర్రగా ఉంటుందన్నాడు, బొమ్మలో ఎర్ర బంతి కదా మరి. మరిగే నీళ్ల బుడగల్లో ఏముంటుందిరా అంటే హైడ్రోజన్, ఆక్సిజన్ అట. ఉండేది నీటి ఆవిరేనని చెబితే నావైపు జాలిగా చూశాడు.

ఇక ల్యాబుల సంగతి. నాకు తెలిసిన ఒక హైస్కూల్లో ల్యాబ్ గది నిండా కోడిగుడ్ల అట్టలు, చిక్కీల డబ్బాలు, విరిగిన బెంచీలు. బీరువాలో సీసాలకి లేబుళ్లు చెరిగిపోయి ఏది యాసిడో ఏది నీళ్లో తెలియదు. తాళం ఎవరి దగ్గరుందో అంతకన్నా తెలియదు. దీన్ని తనిఖీకొచ్చినవాళ్లు అడగరు, ఎందుకంటే ల్యాబ్ ఫొటోలో బాగా పడదు. ప్యానెల్ పడుతుంది. అసలు మన విద్యాశాఖలో ఫొటో ఎక్కించని పని పనే కాదు కదా. మొన్నమొన్నటిదాకా మరుగుదొడ్ల ఫొటోలు కూడా మాస్టార్ల చేతే తీయించి యాప్‌లో పెట్టించిన ఘనులు. ఆ టెన్షన్‌లో ఉన్న మనిషి బ్యూరెట్ కడుగుతాడా, బటన్ నొక్కి కూర్చుంటాడా?

పక్కనే దుగ్గిరాలలో అంత పెద్ద పసుపు మార్కెట్ పెట్టుకుని, పసుపు క్షార సూచిక, అంటే క్షారం తగిలితే రంగు మారి ఆ సంగతి చెప్పేది, అని చెప్పడానికి కూడా మనకి యానిమేషన్ కావలసి వచ్చింది. పసుపులో సున్నం కలిపితే ఎర్రగా పారాణి అవుతుందని పెళ్లికెళ్లిన ప్రతి ఆడపిల్లకీ తెలుసు, అది కెమిస్ట్రీ అని చెప్పేవాడే బళ్లో కరువయ్యాడు. చిటికెడు పసుపు, కాస్త సున్నం, ఒక నిమ్మకాయ. టెండరు పిలవక్కర్లేదు, బహుశా అందుకే ఎవరికీ ఆసక్తి లేదు.

మీ విలేకరికి నాదొక మనవి. తనిఖీ లేని రోజు చూసి మళ్లీ అదే బడికి వెళ్లి, ల్యాబ్ స్టాక్ రిజిస్టర్ చూపించమని అడగమనండి. ఈ ఏడాది రసాయనాలకి ఎంత ఖర్చుపెట్టారో, ఆఖరిసారి స్పిరిట్ ఎప్పుడు కొన్నారో రాసి అదే పేజీలో, అంతే సైజులో వేయండి.

ఇట్లు,
రిటైర్డ్ ఫిజికల్ సైన్స్ ఉపాధ్యాయుడు,
బ్రాడీపేట, గుంటూరు