స్వదేశీ రక్షణ సాంకేతిక పారిశ్రామికవేత్తల సన్మాన సభ: జమా ఖర్చుల వివరణ

గత డిసెంబరులో హనుమకొండలో జరిగిన సన్మాన సభకు విరాళాలిచ్చిన దాతలకు, సభకు తరలివచ్చిన త్రినగరి (వరంగల్, హనుమకొండ, కాజీపేట) పౌరులకు సన్మాన సంఘం నమస్కారాలు తెలియజేస్తూ, వసూలైన సొమ్ము, అయిన ఖర్చు, మిగిలిన నిల్వల వివరాలను ఈ పత్రం ద్వారా అందరి ముందు ఉంచుతున్నది. వరంగల్‌లో చదువుకుని, హైదరాబాదు బాలానగర్‌లో ఒక అద్దె షెడ్డులో పని మొదలుపెట్టి, నేడు మన సైన్యానికి ఎలక్ట్రానిక్ భాగాలు తయారుచేసి ఇస్తున్న సంస్థను నిలబెట్టిన ముగ్గురు ఇంజనీర్లను మన ఊరి తరఫున గౌరవించడమే సభ ఉద్దేశం. తమ పని స్వభావాన్ని బట్టి పేర్లను ఆహ్వాన పత్రికకు, సభ సందర్భంగా వేసిన ప్రత్యేక సంచికకు పరిమితం చేయాలని వారు కోరినందున ఇక్కడ ఇవ్వడం లేదు.

రక్షణ పరికరాల తయారీలో ఒక చిన్న బోల్టుకైనా అది ఏ లోహపు పోత నుంచి వచ్చింది, ఎవరు కొలిచారు, ఎవరు తనిఖీ చేసి సంతకం పెట్టారు అన్న కాగితం వెంట ఉండాలి. ఆ కాగితం లేని వస్తువు ఎంత చక్కగా ఉన్నా పరిశీలకులు దాన్ని తిప్పి పంపుతారు. అటువంటి కట్టుబాటులో జీవితమంతా పనిచేసినవారిని పదిమంది సొమ్ముతో సత్కరిస్తున్నప్పుడు, ఆ సొమ్ములోని ప్రతి రూపాయికీ వచ్చిన దారి, పోయిన దారి కాగితం మీద కనబడాలని సంఘం తొలి సమావేశంలోనే తీర్మానించింది. అందుకే అయిదు వేల రూపాయలు దాటిన చెల్లింపులన్నీ చెక్కు ద్వారా గానీ బ్యాంకు బదిలీ ద్వారా గానీ జరిగాయి.

జమ వివరాలు ఇవి. సంఘంలోని 24 మంది సభ్యులు తలా 5,000 రూపాయల చొప్పున ఇచ్చిన చందా 1,20,000 రూపాయలు. సన్మానితులతో కలిసి చదువుకున్నవారు, వారి తర్వాతి తరగతులవారు కలిపి 61 మంది పంపిన విరాళాలు 1,46,500 రూపాయలు. రశీదు పుస్తకాల ద్వారా వసూలైన చిన్న విరాళాలు 87,340 రూపాయలు. ప్రత్యేక సంచికలో ప్రకటనల ద్వారా వచ్చినది 60,000 రూపాయలు. బ్యాంకు వడ్డీ 1,164 రూపాయలు. మొత్తం జమ 4,15,004 రూపాయలు.

ఇందులో చిన్న విరాళాల గురించి నాలుగు మాటలు చెప్పడం మా బాధ్యత. వందేసి రశీదులున్న నాలుగు పుస్తకాలలో 386 రశీదులు చెల్లాయి. రద్దయిన 14 రశీదులను చింపకుండా పుస్తకాలలోనే ఉంచాం. కాజీపేట లోకో షెడ్డులో ఫిట్టర్లుగా పనిచేసి రిటైరైన పెద్దలు, 1934లో మొదలై మన కళ్ల ముందే మూతపడిన ఆజంజాహి బట్టల మిల్లు కార్మికుల బిడ్డలు, మడికొండ పారిశ్రామిక వాడలో లేత్ మిషన్ల మీద పనిచేసే యువకులు ఇచ్చిన సొమ్మే ఇందులో ఎక్కువ. ఇనుముతో, ఇత్తడితో పని తెలిసినవారు, ఒక యంత్ర భాగాన్ని కొలతకు తేవడం ఎంత కష్టమో ఎరిగినవారు ఇచ్చిన ఈ విరాళాలే సభకు అసలైన గౌరవమని సంఘం భావిస్తున్నది. ఒక మిల్లు మూతపడితే ఎన్ని పొయ్యిలు ఆరిపోతాయో చూసిన ఊరికి, మన పిల్లలే ఒక కర్మాగారం కట్టి నిలిపారన్న మాట విలువ వేరే చెప్పనక్కరలేదు.

తీసుకోని సొమ్ము గురించి కూడా దాతలకు తెలియాలి. వేదిక మీద తమ పేరు పెట్టాలన్న షరతుతో ఒక వ్యాపార సంస్థ లక్ష రూపాయలు ఇవ్వజూపింది. భోజనాల ఖర్చు తామే భరిస్తామని సన్మానితుల సంస్థ నుంచి కబురు వచ్చింది. రెండింటినీ మర్యాదగా కాదన్నాం. సన్మానం పొందేవారి సొమ్ముతో జరిగే సన్మానం ఊరి సన్మానం కాజాలదు. రక్షణ కొనుగోళ్లతో వ్యాపార సంబంధం ఉన్నవారి సొమ్ము ఈ ఖాతాలోకి వస్తే రేపు ఎవరైనా వేలెత్తి చూపే అవకాశం ఉంటుంది. సంచికలో ప్రకటనలను కూడా పుస్తకాల దుకాణాలు, వస్త్రాల షాపులు, ఆసుపత్రుల నుంచి మాత్రమే స్వీకరించాం.

ఖర్చు విషయానికి వస్తే, ఫంక్షన్ హాలు అద్దె, కరెంటు, పారిశుద్ధ్యం కలిపి 48,000 రూపాయలు; షామియానా, కుర్చీలు, మైకు సెట్టు 39,500 రూపాయలు; ఆహ్వాన పత్రికలు, ఫ్లెక్సీలు 14,850 రూపాయలు; ఫొటోలు, వీడియో 18,000 రూపాయలు. భోజనాలు 540 మందికి, విస్తరి ఒక్కింటికి 140 రూపాయల చొప్పున 75,600 రూపాయలు. ప్రత్యేక సంచిక 500 ప్రతులకు 52,500 రూపాయలు కాగా, ఆ ఖర్చు ప్రకటనల రాబడిలోనే పోయి 7,500 రూపాయలు మిగిలాయి. రశీదు పుస్తకాలు, బ్యాంకు రుసుములు, ఆడిటు, తపాలా కలిపి 4,254 రూపాయలు.

సన్మానితులకు స్వర్ణ కంకణాలు తొడగాలని కొందరు దాతలు ప్రేమతో సూచించారు. వారి మనసును గౌరవిస్తూనే, ఆ సొమ్ము మన చేతివృత్తులవారికి చేరాలని సంఘం నిర్ణయించింది. పెంబర్తి కళాకారుల చేత కాకతీయ కీర్తి తోరణం రూపంలో మూడు ఇత్తడి జ్ఞాపికలు, ఒక్కొక్కటి 9,500 రూపాయలకు చేయించాం. మొత్తం 28,500 రూపాయలు. ఇత్తడి రేకును లక్క మీద అమర్చి, గీసుకున్న గీత వెంట ఉలిని నిలిపి, సుత్తితో చిన్న చిన్న దెబ్బలు వేస్తూ తోరణం మీది చెక్కడాలను పైకి తేలుస్తున్న ఆ పనిని సంఘ సభ్యులు దగ్గరుండి చూశారు. దెబ్బ కొంచెం గట్టిగా పడితే రేకు చిట్లుతుంది, మెత్తగా పడితే రూపం తేలదు. ఆ పనికి ఇచ్చిన ధర ఎక్కువని ఎవరైనా అంటే సంఘం ఒప్పుకోదు. శాలువాలకు బదులు కొత్తవాడ నేతన్నలు నేసిన మూడు జంపఖానాలను 4,200 రూపాయల చొప్పున 12,600 రూపాయలకు కొన్నాం.

ప్రదర్శన బోర్డులు 26 చేయించడానికి 1,400 రూపాయల చొప్పున 36,400 రూపాయలు అయ్యాయి. ఇది సభా కార్యక్రమానికి అదనపు హంగు కదా, ఎందుకని ఒకరిద్దరు అడిగారు. దండ వేసి చప్పట్లు కొట్టినంత మాత్రాన ఆ ముగ్గురూ ఏం సాధించారో పిల్లలకు అర్థం కాదన్నదే మా సమాధానం. 1970లో హైదరాబాదులో క్షిపణులు తయారుచేసే ప్రభుత్వ సంస్థ భారత్ డైనమిక్స్ ఏర్పడడం, అదే సంవత్సరం కచ్చితమైన యంత్ర భాగాలు తయారుచేసే ఎంటార్ మొదలవడం, 1973లో ప్రత్యేక లోహాలు తయారుచేసే మిధాని రావడం, 1983లో క్షిపణుల సమగ్ర అభివృద్ధి కార్యక్రమానికి అనుమతి లభించడం, 1988 ఫిబ్రవరిలో పృథ్వి, 1989 మేలో అగ్ని తొలిసారి ఎగరడం, 1991లో రాడార్ల భాగాలు చేసే ఆస్ట్రా మైక్రోవేవ్, 1993లో సైనిక శిక్షణకు సిమ్యులేటర్లు చేసే జెన్ టెక్నాలజీస్ పుట్టడం వరుసగా చూపించాం. 2001లో కేంద్ర ప్రభుత్వం రక్షణ ఉత్పత్తిని ప్రైవేటు రంగానికి తెరిచింది. దిగుమతి చేసుకోకుండా దేశంలోనే కొనవలసిన 101 వస్తువుల తొలి జాబితా 2020 ఆగస్టులో వెలువడింది. 2024-25లో మన రక్షణ ఎగుమతులు 23,622 కోట్ల రూపాయలకు చేరాయి. ఈ అంకెల మధ్య ఒక చిన్న సంస్థ పడే పాట్లు కనబడవు కనుక, మరికొన్ని బోర్డులను వాటికే కేటాయించాం. సైన్యం పరికరాన్ని పరీక్షించే కాలంలో దాని ఖర్చు చాలావరకు తయారీదారుదే, కొంటామన్న హామీ కూడా ఉండదు. ఎడారి వేడిలోనూ మంచు కొండల మీదా పరీక్షలు సాగినంత కాలం జీతాలు, బ్యాంకు వడ్డీలు ఆగవు. పెద్ద కంపెనీ తట్టుకోగలదు. ఇల్లు తాకట్టు పెట్టి నడుపుతున్న సంస్థకు ఒక ఏడాది ఆలస్యమంటే ప్రాణాంతకం. ఆ దశను దాటి నిలిచారు గనుకనే వీరిని పిలిచి గౌరవించాం.

బోర్డుల పక్కన, సన్మానితులు తమ సొంత ఖర్చుతో తెచ్చిన ఒక అల్యూమినియం పెట్టె ఉంచారు. అరచేతిలో ఇమిడే ఆ పెట్టె మీద ఎర్ర రంగు గుర్తు ఉంది. ఒక రంధ్రం కొలతలో మిల్లీమీటరులో కొన్ని నూరో వంతుల తేడా వచ్చినందున తనిఖీలో పక్కన పెట్టినది అది. భోజనాల వేళలోనూ దాని చుట్టూ పిల్లలు గుమిగూడే ఉన్నారు. జనగామ, పరకాల, నర్సంపేట ప్రాంతాల నుంచి విద్యార్థులను తీసుకురావడానికి నాలుగు బస్సులకు 5,500 రూపాయల చొప్పున 22,000 రూపాయలు చెల్లించాం.

మొత్తం ఖర్చు 3,52,204 రూపాయలు. నిల్వ 62,800 రూపాయలు బ్యాంకు ఖాతాలో ఉంది. ఈ నిల్వను దాతలకు వాటాల ప్రకారం తిరిగి ఇవ్వాలా, మరో సభకు దాచాలా అన్న చర్చ సంఘంలో సుదీర్ఘంగా జరిగింది. చివరకు వరంగల్‌లోని ఒక ప్రభుత్వ ఐటీఐలో ఫిట్టర్, మెషినిస్టు విద్యార్థుల కోసం సన్నని కొలతలు తీసే మైక్రోమీటర్లు, వెర్నియర్ కాలిపర్లు, కొలతలను సరిచూసే ఒక స్లిప్ గేజీల సెట్టు కొని ఇవ్వాలని తీర్మానించాం. ఇప్పుడు అక్కడ ఒక్కొక్క మైక్రోమీటరు కోసం పిల్లలు వరుస కట్టి నిలబడవలసి వస్తున్నది; కొలవడం చేతికి రానిదే ఈ రంగంలో అడుగు పెట్టడం కుదరదు. కొనుగోలుకు ముందు మూడు దుకాణాల నుంచి ధరల పట్టికలు తీసుకుంటాం. పరికరాలు ఐటీఐకి అప్పగించి, అందినట్లు సంతకం తీసుకున్న తర్వాత ఆ బిల్లులను ఈ వివరణకు అనుబంధంగా ప్రకటించి, ఖాతాను మూసివేస్తాం.

రశీదు పుస్తకాలు, వోచర్లు, బ్యాంకు పాసుపుస్తకం, ఆడిటరు ధ్రువపత్రం కోశాధికారి వద్ద ఉన్నాయి. ఈ పత్రం వెలువడిన నెల రోజుల లోపు దాతలెవరైనా తమ రశీదు చూపి వాటిని పరిశీలించవచ్చు. అభ్యంతరాలుంటే రాతపూర్వకంగా ఇస్తే, సంఘం సమావేశమై జవాబు కూడా రాతపూర్వకంగానే ఇస్తుంది.

సన్మాన సంఘం తరఫున,
అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి
హనుమకొండ