తొమ్మిదో వరస, పద్నాలుగో ముక్క

నమస్కారం అండి.

ఈ శ్రావణంలో మా దగ్గర ‘కొండపల్లి బొమ్మలు’ 500 ముక్కల పజిల్ కొన్నవాళ్ళందరికీ ముందుగా ఒక మాట. మీ పెట్టెలో ఒక ముక్క తక్కువ పడి ఉంటే అది మీ ఇంట్లో పోలేదు. మా దగ్గరే పోయింది. పెట్టె పారేయకండి, పిల్లల్ని తిట్టకండి. ముక్క నేను పంపిస్తాను.

ఏం జరిగిందో మొత్తం చెప్తాను. గుంటూరు నుంచి ఒకావిడ ఫోన్ చేశారు. ఆవిడా, వాళ్ళ కోడలూ కలిసి పదకొండు రాత్రులు కూర్చుని బొమ్మంతా పేర్చారట. అంబారీ ఏనుగు పక్కన వేలాడే ఎర్ర గుడ్డ ఉంది కదా, దానికి పసుపు అంచు మొదలయ్యే చోట ఒక్క ముక్క లేదు. నేను ఆవిడతో “సోఫా కింద చూశారా అమ్మా, చీపురికి వెళ్ళిపోయిందేమో” అన్నాను. పోయిందనుకున్న ముక్కలు ఎక్కువగా అలాగే దొరుకుతాయి, ఆ అలవాటుకొద్దీ అనేశాను. ఆవిడ సోఫా జరిపించి, చెత్తబుట్ట బోర్లించి, ఇల్లంతా మళ్ళీ వెతుక్కున్నారు. పదిహేను రోజులకి నెల్లూరు నుంచి ఒకబ్బాయి ఫోటో పంపాడు. అదే ఎర్ర గుడ్డ, అదే పసుపు అంచు, అదే ఖాళీ. పైనుంచి తొమ్మిదో వరస, ఎడమ నుంచి పద్నాలుగోది.

రెండు ఊళ్ళలో, రెండిళ్ళలో, సరిగ్గా ఆ ఒక్క ముక్కే ఎలా పోతుంది? ఆ ఫోటో చూశాక నాకు ఆ పూట అన్నం సయించలేదు. ముందు గుంటూరు ఆవిడకి ఫోన్ చేసి క్షమించమని అడిగాను. ఇక్కడ మీ అందరి ముందూ మళ్ళీ అడుగుతున్నాను. తప్పు నాది పెట్టుకుని, ఆవిడని ఇల్లు వెతికించాను.

మూడో ఫోన్ ఖమ్మం నుంచి వచ్చింది. ఆయనకి ఒక ముక్క ఎక్కువ వచ్చింది! 501 ఉన్నాయండీ, ఎర్రదొకటి రెండుసార్లు వచ్చింది అన్నారు. అప్పుడు అర్థమైంది, లోపం డైలో ఉందని.

మా పజిళ్ళు విజయవాడలోనే ఒక పంచింగ్ షెడ్డులో తయారవుతాయి. స్వీటు పెట్టెలు, పెళ్ళికార్డులు కోసే మిషన్ మీదే మాదీ కోస్తారు. బొమ్మ ప్రింటు వేసిన కాగితాన్ని రెండు మిల్లీమీటర్ల గ్రే బోర్డుకి అతికించి డై కింద పెడతారు. డై అంటే ప్లైవుడ్ పలకలో సన్నటి ఉక్కు బ్లేడ్లని బుడిపెలూ గుంటల ఆకారంలో వంచి బిగించింది. బ్లేడ్ల సందుల్లో స్పాంజి రబ్బరు ముక్కలు అతికించి ఉంటాయి. కోత పడగానే అట్టని వెనక్కి తోసేది ఆ స్పాంజే. తొమ్మిదో వరస, పద్నాలుగో గదిలో స్పాంజి అరిగిపోయి అణిగిపోయింది. అట్ట పైకి లేచేటప్పుడు ఆ ముక్క అక్కడే ఇరుక్కుని, రెండు మూడు షీట్ల తర్వాత ఊడి ఎవరి షీట్‌లోనో పడింది. ఒకరికి లోటు, ఇంకొకరికి అదనం.

పెట్టె మూసే ముందు తూకం వేస్తాం కదా, అక్కడ ఎందుకు దొరకలేదని మీరు అడగొచ్చు. నేనూ అదే ప్రశ్న వేసుకున్నాను. 500 ముక్కలు కలిపి రమారమి 230 గ్రాములు. అంటే ఒక్కో ముక్క అర గ్రాము కూడా ఉండదు. ఎండాకాలంలో ఆ అర గ్రాము తేడా మా కాటాలో కనిపిస్తుంది. ముసురు పట్టిన రోజుల్లో గ్రే బోర్డు చెమ్మ పీలుస్తుంది. వందకి ఒక వంతు చెమ్మ పెరిగినా పెట్టె బరువు రెండు గ్రాములకి పైనే పెరుగుతుంది, అంటే నాలుగైదు ముక్కల బరువు! ముక్క లేని పెట్టె కూడా నిండు పెట్టెలాగే తూగింది. కాటా మీద నమ్మకం పెట్టుకుని కళ్ళతో చూడటం మానేశాను. నా పొరపాటు అక్కడ జరిగింది.

ఇప్పుడు పద్ధతి మార్చాం. కోత పడ్డాక ముక్కలు ఒకదాన్నొకటి పట్టుకునే ఉంటాయి కాబట్టి షీటు షీటుగానే పైకి వస్తుంది. దాన్ని విడగొట్టే ముందు నల్లగుడ్డ పరిచిన బల్ల మీద పెట్టి ఇద్దరు అక్కలు చూస్తున్నారు. ఎక్కడ ముక్క లేకపోయినా నల్లగా కన్ను తెరిచినట్టు కనిపిస్తుంది. అలా చూశాకే విడగొట్టి సంచిలో పోస్తున్నాం. ప్రతి వంద షీట్లకీ డై తిప్పి స్పాంజి నొక్కి చూస్తున్నారు. ఈ పనికి మనుషులూ సమయమూ ఎక్కువ పడుతున్నాయి. అందుకని వచ్చే నెల నుంచి 500 ముక్కల పెట్టె మీద నలభై రూపాయలు పెంచుతున్నాను. ఈలోపు ఆర్డర్ పెట్టినవాళ్ళకి పాత ధరే.

ముక్క కావలసినవాళ్ళు చేయాల్సింది ఇంతే. ఖాళీ కనిపించేలా మొత్తం బొమ్మ ఫోటో ఒకటి, పెట్టె అడుగున ఉన్న బ్యాచ్ నంబరు ఫోటో ఒకటి వాట్సాప్‌లో పంపండి. 500 దాంట్లో అడ్డంగా 25, నిలువుగా 20 ముక్కలుంటాయి. ఎన్నో వరస, ఎన్నోది అని మీరే లెక్కపెట్టి రాస్తే పని ఇంకా తొందరగా అవుతుంది. ప్రతి బ్యాచ్‌లోనూ అయిదు షీట్లు విడగొట్టకుండా దాచి ఉంచుతాను. అదే డై, అదే ప్రింటు కాబట్టి వాటిలోంచి తీసిన ముక్క మీ ఖాళీలో అచ్చంగా కూర్చుంటుంది, రంగు కూడా తేడా రాదు. పోస్టు ఖర్చు నాదే. రెండేళ్ళ కిందటి పాత డైతో కోసిన పెట్టెలకి మాత్రం ముక్క ఇవ్వలేను, ఆ డై తీసేశాం. వాటికి కొత్త పెట్టెగానీ డబ్బుగానీ, మీరు ఏది అడిగితే అది ఇస్తాను.

ఒక్క ముక్కకి ఇంత రాద్ధాంతం ఏమిటని మా తమ్ముడు అంటున్నాడు. వాడు ఎప్పుడూ పజిల్ పేర్చలేదు. పేర్చినవాళ్ళకి తెలుసు. 499 ముక్కలు పెట్టాక చెయ్యి పెట్టెలోకి వెళ్ళి ఉత్తదే తిరిగొస్తే మనసు ఎలా ఉంటుందో. 1760ల్లో లండన్‌లో జాన్ స్పిల్స్‌బరీ అనే పటాల చెక్కడపు పనివాడు పటాన్ని చెక్కకి అతికించి, దేశాల సరిహద్దుల వెంట రంపంతో కోసి, పిల్లలకి భూగోళం నేర్పడానికి అమ్మాడు. ఈ ఆట అక్కడే మొదలైందంటారు. ఆ పటంలో ముక్క పోతే ఏకంగా ఒక దేశమే పోయినట్టు. మా జిల్లాల చెక్కపటం కూడా ఆ దారిలోనిదే. 2022 ఏప్రిల్‌లో ఆంధ్రలో 13 జిల్లాలు 26 అయినప్పుడు పాత పటాలన్నీ పక్కన పెట్టేశాను. ఇంకా 13 జిల్లాల పటం ఉన్నవాళ్ళు దాచుకోండి, అది మళ్ళీ చేయను.

ఇక రెండో ఫిర్యాదు. ప్రకాశం బ్యారేజీ, 1000 ముక్కలది. దీని మీద నాకు వచ్చినన్ని మెసేజ్‌లు ఇంకే పజిల్ మీదా రాలేదు. గేట్లన్నీ ఒకేలా ఉన్నాయి, పిచ్చెక్కుతోంది అని. నిజమే. బ్యారేజీకి 70 గేట్లు. మా ఫోటోలో అన్నీ కనపడకపోయినా, కనపడినవి అన్నీ కవల పిల్లల్లా ఉంటాయి. ఒక గేటు ముక్క ఇంకో గేటు దగ్గర దాదాపు సరిపోతుంది. దాదాపు అనేది ఈ ఆటలో అన్నిటికంటే బాధపెట్టేది. ముక్క కూర్చుంటుంది, కానీ పక్కన వెంట్రుక మందం సందు కనిపిస్తుంది. సరేలే అని ముందుకెళ్తే రెండు రోజుల తర్వాత ఇంకో చోట ముక్క కుదరదు, అప్పుడు ఎక్కడ తప్పు జరిగిందో వెనక్కి తవ్వుకోవాలి.

గేట్లు మార్చను. అవి ఉన్నాయనే కదా అది బ్యారేజీ. ఆకాశం విషయంలో మాత్రం మీరన్నది ఒప్పుకుంటున్నాను. మధ్యాహ్నం తీసిన ఫోటో, ఒకే నీలం, మూడొందల ముక్కలకి పైనే. అది వినోదం కాదు, శిక్ష. కొత్త ప్రింటులో సాయంత్రం మబ్బులున్న ఫోటో వేస్తున్నాం, ఫోటోలో ఆకాశం భాగం కూడా తగ్గించాం.

పాత పెట్టె ఉన్నవాళ్ళకి నేను చేసే పద్ధతి చెప్తాను. ముందు అంచు ముక్కలు 126 వేరు చేయండి, చట్రం కట్టండి. ఆకాశానికి వచ్చేసరికి రంగు వదిలేసి ఆకారం పట్టుకోండి. లోపలి ముక్కలకి నాలుగు వైపులే కాబట్టి రకాలు ఆరే. నాలుగూ బుడిపెలు, మూడు బుడిపెలు, ఎదురెదురు రెండు, పక్కపక్కన రెండు, ఒక్కటే, అసలు లేనిది. ఆరు స్టీలు పళ్ళాల్లో ఆరు రకాలు పోసుకోండి. ఖాళీ ఏ ఆకారం అడుగుతోందో చూసి ఆ పళ్ళెంలోంచే ప్రయత్నించండి. మూడొందల్లో వెతికే పని యాభై, అరవైకి దిగుతుంది. మొదటి పది ముక్కలకీ విసుగొస్తుంది. తర్వాత చేతికి ఒక లయ వస్తుంది, చూడకుండానే వేలు గుంటని తడుముతుంది. మా షాపు మూసేశాక రాత్రి తొమ్మిదిన్నరకి కూర్చుని, ఇంకొక్కటి, ఇంకొక్కటి అనుకుంటూ తల ఎత్తితే ఒంటిగంటయిన రోజులు నాకు ఎన్నో ఉన్నాయి. ముక్క సరైన చోట పడినప్పుడు చిన్న ‘టక్’ వినిపిస్తుంది చూడండి, దానికోసమే ఈ వ్యాపారం పెట్టాను.

ట్యూబులైటు వెలుగు ముక్కల మీద మెరుస్తోందని చాలామంది అన్నారు. ఇకనుంచి అన్నీ మ్యాట్ లామినేషనే. ఎరుపు కొద్దిగా తగ్గి కనిపిస్తుంది, ముందే చెప్తున్నాను. వానాకాలంలో పెట్టెలు నేల మీదా గోడవారా పెట్టకండి, బీరువాలో పెట్టండి. ముక్క తీసేటప్పుడు బుడిపె పట్టుకుని పైకి లాగితే బొమ్మ కాగితం లేచిపోతుంది, కింద నుంచి తోయండి. డైనింగ్ టేబుల్ ఖాళీ లేనివాళ్ళు ఒక ప్లైవుడ్ ముక్క కోయించుకోండి. 500 దానికి రెండడుగులు బై అడుగున్నర చాలు. అన్నాల వేళకి మంచం కిందికి తోసేయొచ్చు.

కొండపల్లి బొమ్మల బ్యాచ్‌లో ఇంకా 112 పెట్టెలు షాపులోనే ఉన్నాయి. వాటిని అమ్మడం ఆపేశాను. మంగళవారం షాపు తెరవను. మేం నలుగురం ఆ పెట్టెలన్నీ విప్పి, ప్రతి దాంట్లో పసుపు అంచున్న ఎర్ర ముక్క ఉందో లేదో ఏరి చూస్తాం. బుధవారం మామూలుగా పదింటికి తెరుస్తాను.

గుంటూరు ముక్క నిన్న పోస్టులో వేశాను.