అమ్మకి, బుడ్డోడి ఆటల గురించి

లీడ్స్,
ఏప్రిల్

అమ్మా,

మొన్న ఫోన్లో అడిగావు కదా, "తెల్లారిన దగ్గర్నుంచి పడుకునే దాకా వీణ్ణి ఎలా ఆడించాలే, నా మోకాళ్ళు సహకరించట్లేదు" అని. అప్పుడు మా చిట్టి పక్కన అరుస్తోంది, సరిగ్గా చెప్పలేకపోయాను. వాట్సాప్‌లో ముక్కలు ముక్కలుగా పెడితే నాన్న పంపే గుడ్ మార్నింగ్ బొమ్మల్లో ఎక్కడో కలిసిపోతుంది. అందుకని ఇలా ఉత్తరమే రాస్తున్నాను. పెద్ద అక్షరాలతో ప్రింట్ తీసి ఇమ్మని తమ్ముడికి చెప్పాను.

తమ్ముడూ మరదలూ ఆదివారాలు వాణ్ణి మాల్‌లో రంగు బంతుల గదికి తీసుకెళ్తున్నారట. గంటకింత అని డబ్బులు కట్టాలి, సాక్సులు కూడా అక్కడే కొనాలి. సరే, వాళ్ళిద్దరికీ వారంలో దొరికేది ఆ ఒక్క రోజు, నేనేమీ అనను. కానీ మిగతా ఆరు రోజులు వాడు నీ దగ్గరేగా. ఆ ఆరు రోజులకి కొనాల్సింది దాదాపు ఏమీ లేదు. వాడు కదలాలి, నువ్వు కూర్చోవాలి. ఈ రెండూ కుదిరే ఆటలే రాస్తున్నాను. వాడి వెనకాల నువ్వు పరిగెత్తాల్సినవి రాయను.

ముందు నీళ్ళు. రెండేళ్ళ పిల్లలకి ఇంతకు మించిన బొమ్మ ఎవరూ తయారు చేయలేదు. బాల్కనీలో నువ్వు కుర్చీ వేసుకో. వాడి ముందు వెడల్పాటి బేసిన్‌లో జానెడు కూడా కాకుండా నీళ్ళు పొయ్యి. ఒక స్టీలు గ్లాసు, ఒక గరిటె, ఒక చిల్లుల గిన్నె, గిన్నెలు తోమే స్పాంజి ముక్క ఇవ్వు. ఇందులోంచి అందులోకి, అందులోంచి ఇందులోకి పోసుకుంటూ ఉంటాడు. చిల్లుల గిన్నెలో నీళ్ళు ఎందుకు నిలవడం లేదో వాడికి అర్థం కాదు, అందుకే మళ్ళీ మళ్ళీ పోస్తాడు. అయ్యాక ఆ నీళ్ళు గరిటెతోనే కరివేపాకు కుండీలో పోయించు. నీళ్ళు వృథా అని నాన్న సణగకుండా ఉంటారు.

గేటుకి రంగు వేయడానికి నాన్న కొన్న బ్రష్షు అటక మీద ఉండాలి చూడు. దాన్ని కడిగి, ఒక మగ్గులో నీళ్ళు ఇచ్చి, "గోడకి రంగు వెయ్యి నాన్నా" అను. తడిసినంత మేరా గోడ ముదురు రంగులోకి మారుతుంది కదా, వాడికి అదే పెయింటింగ్. ఇక్కడ చలికి తడి ఎంతసేపటికీ ఆరదు, చిట్టికి గోడ అయిపోయి విసుగొస్తుంది. మన వైజాగ్ ఎండకి ఇటు చివర వేసేసరికి అటు చివర ఆరిపోతుంది. వాడి పని ఎప్పటికీ పూర్తి కాదు. మనకి కావలసిందీ అదే.

మధ్యాహ్నం ఉక్కపోతకి ఇంకోటి ఉంది. రాత్రి ఐసు ట్రేలో మందార రేకులు, మల్లెపూలు ఒక్కొక్కటి వేసి నీళ్ళు పోసి ఫ్రిజ్‌లో పెట్టు. మర్నాడు ఆ ముక్కలు పళ్ళెంలో వేసి, స్పూనుతో కాసిని మామూలు నీళ్ళు పోస్తూ పువ్వుని బయటికి తీయమను. ముక్క కరిగిపోయేదాకా కదలడు. నోట్లో మాత్రం పెట్టుకోనివ్వకు, ఐసు ముక్క గొంతుకి అడ్డం పడుతుంది.

నీళ్ళ దగ్గర ఒక్క విషయంలో నేను గట్టిగా ఉంటాను. చిన్న పిల్లలు మునగడానికి బావి అక్కర్లేదు, బకెట్ అడుగున రెండు మూడు అంగుళాల నీళ్ళు చాలు. ఆట అవ్వగానే బేసిన్ బోర్లించెయ్యి. మధ్యలో కాలింగ్ బెల్ మోగితే కొరియరు వాణ్ణి ఆగమను. లేదంటే బుడ్డోణ్ణి చంకనేసుకునే వెళ్ళు. బాత్రూమ్‌లో పట్టి ఉంచే బకెట్ల మీద మూతలు, తలుపుకి పైగడియ. కుర్చీ కూడా బాల్కనీలో వదిలెయ్యకు, ఎక్కేస్తాడు.

ఇక వంటిల్లు. నువ్వు గోంగూర బాగుచేసేటప్పుడు ఒక కట్ట వాడికి పడెయ్యి. ఆకు వేరు, కాడ వేరు చేయమను. సగం ఆకులు చింపేస్తాడు, కాడలు నీ ఆకుల్లో కలిపేస్తాడు, పోనీ. మొన్న ఉగాదికి వేపపువ్వు వాడి చేతే దులిపించావని మరదలు ఫోటో పెట్టింది. ఎంత శ్రద్ధగా చేస్తున్నాడో! సరిగ్గా అలాంటివే ఇంకా ఇవ్వు. చపాతీ పిండి ముద్దలో కాస్త పసుపు కలిపి ఒకటి, బీట్‌రూట్ రసం కలిపి ఒకటి, రెండు ఉండలు చేసి అప్పడాల కర్ర చేతికివ్వు. ఉతికిన బట్టల్లో నాన్న జేబురుమాళ్ళన్నీ ఏరి పెట్టమను. నువ్వు వాకిట్లో ముగ్గు వేస్తుంటే పక్కన చారెడు బియ్యప్పిండి పోస్తే వాడి ముగ్గు వాడేసుకుంటాడు, తర్వాత చీమలొస్తాయి, ఆ చీమల్ని చూడటం ఇంకో ఆట. మనం ఆడిస్తే పిల్లలు ఆడతారనుకుంటాం కానీ, వాళ్ళకి మన పనిలో వాటా ఇస్తేనే ఎక్కువసేపు కుదురుగా ఉంటారు. చిట్టికి బొమ్మ వంటసామాను కొన్నాం, మూలన పడుంది. నా అట్లకాడ మాత్రం దొరకదు.

చింతపిక్కలు, గవ్వలు, పూసలు, బఠాణీలు వద్దు. మూడేళ్ళ లోపు పిల్లలు ముక్కులో దూర్చుకుంటారు, మింగుతారు. రిమోట్‌లోంచి తీసే చిన్న బిళ్ళ బ్యాటరీలైతే మరీ ప్రమాదం, వాడికి కనిపించనే కూడదు.

బయట ఆటల సంగతికొస్తే, నీకూ నాకూ రుతువులు తిరగబడ్డాయి. ఇక్కడ నవంబరు నుంచి ఇంట్లో బందీలుగా ఉండి, వసంతం రాగానే ఊరంతా పార్కుల్లో పడుతుంది. మా దగ్గర రౌండే పార్కు అని ఏడు వందల ఎకరాల పైన ఉంటుంది. రెండు చెరువులు, టికెట్ లేదు. మార్చిలో పసుపుపచ్చటి డాఫడిల్ పూలు, ఏప్రిల్ చివరికి చెట్ల కింద నీలం పూలు. చిట్టి బాతుల కోసం బఠాణీలు పట్టుకెళ్తుంది, రొట్టె వాటికి మంచిది కాదని పెట్టొద్దంటారు. నీకు నవ్వొచ్చేది ఒకటుంది: వాన పడ్డాక మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు తొడిగి, రోడ్డు మీద నీళ్ళు నిలిచిన గుంటల్లో ఎగరమని మేమే పంపుతాం. అదే మన ఇంట్లో మేం చేసుంటే వీపు విమానం మోతే! లైబ్రరీలో వారానికోసారి చంటిపిల్లల్ని కూర్చోబెట్టి పాటలు పాడిస్తారు, అదీ ఉచితమే. ఎండ చూసి బయల్దేరితే దారిలో వడగళ్ళు పడతాయి, అదొక్కటే బాధ.

మీకేమో ఉగాది దాటితే పది నుంచి నాలుగు దాకా తలుపులు మూసుకోవడమే. కాబట్టి బయటి ఆటలన్నీ పొద్దున్నే, లేదా సాయంత్రం గాలి తిరిగాక. ఆ డ్యూటీ నాన్నది. ఎలాగూ తెల్లవారుజామున బీచ్ రోడ్డుకి వాకింగ్‌కి వెళ్తారు, ఆ టైములో అక్కడ బండ్లని రానివ్వరు కూడా. వారానికి రెండు రోజులు బుడ్డోణ్ణి తీసుకెళ్ళమను. ప్లాస్టిక్ బకెట్, పార సెట్టు కొనొద్దు. రెండు కొబ్బరి చిప్పలు, ఒక పాత గరిటె చాలు. తడి ఇసుక చిప్పలో కూరి బోర్లిస్తే ఇడ్లీ. కానీ ఆర్కే బీచ్ సంగతి నాన్నకి చెప్పక్కర్లేదు, పైకి ప్రశాంతంగా ఉండి లోపలికి లాగేస్తుంది. అల తగిలే చోటికి వద్దు, పొడి ఇసుకా తడి ఇసుకా కలిసే చోటే కూర్చోమను.

అక్కణ్ణుంచి పోర్టులోకి వెళ్ళడానికి లంగరేసి ఉన్న ఓడలు కనిపిస్తాయి కదా. నాన్న పోర్టులో పనిచేసిన మనిషి. 1933లో మొదట వచ్చిన ఓడ పేరు జలదుర్గ అని మనకి ఎన్నిసార్లు చెప్పుంటారో! ఇన్నాళ్ళకి కొత్త శ్రోత దొరికాడు. "పెద్ద ఓడ ఏది, చిన్న ఓడ ఏది, ఎర్ర ఓడ ఏది" అని వేలు పెట్టి చూపించమంటే రెండేళ్ళ వాడికి అదే చాలు.

ఇంకోటి కూడా నాన్నకి చెప్పు. ఆలివ్ రిడ్లే తాబేళ్ళు మన తీరంలో పెట్టిన గుడ్లని అటవీశాఖ వాళ్ళు తీసుకొచ్చి, కంచె వేసిన ఇసుకలో పొదిగిస్తారు. నెలన్నర పైన పడుతుంది. మార్చి, ఏప్రిల్ రోజుల్లో పిల్లలు బయటికి వస్తే సముద్రంలోకి వదులుతారు. అరచేతిలో పట్టేంత తాబేలు పిల్లలు తమంతట తాము నీళ్ళ వైపు పాకడం చూడటానికి పైసా ఖర్చు లేదు. ముట్టుకోవద్దు, ఫోన్ లైటు వెయ్యొద్దు, అంతే. చిట్టికి చూపించలేకపోతున్నానని నాకు కుళ్ళుగా ఉంది.

తాటి ముంజల బండి మీ వీధి చివర పెడితే, ముంజలు తీసిన ఖాళీ తాటికాయలు రెండు అడిగి తెచ్చుకో. మధ్యలో పుల్ల గుచ్చి, పంగల కర్ర పెడితే బండి. నాన్నకి వచ్చు. తోసుకుంటూ వాడు సెల్లారంతా తిరుగుతాడు, నువ్వు లిఫ్టు పక్కన కుర్చీలో కూర్చోవచ్చు. ముంజ మాత్రం చిన్న ముక్కలు చేసి పెట్టు, జారి గొంతులోకి పోతుంది. బళ్ళకి సెలవులిచ్చాక పై ఫ్లాట్ల పిల్లలుంటారుగా, కొబ్బరి మట్ట మీద వీణ్ణి కూర్చోబెట్టి లాగమంటే సంబరంగా లాగుతారు.

కొనాలనిపిస్తే ఒక్కటే కొను, ఏటికొప్పాక లక్క బొమ్మ. అంకుడు కర్రతో చేస్తారు, చెట్ల నుంచి తీసిన రంగులు వేసినవి దొరుకుతాయి, అవే అడుగు. వీడు ప్రతిదీ కొరుకుతున్నాడు కాబట్టి ఊడే ముక్కలు లేనిది చూడు. ఉన్న బొమ్మల్లో సగం మూటగట్టి అటకెక్కించు. రెండు వారాలకి అవి దింపి ఇవి ఎక్కించు. పాతవే కొత్తవైపోతాయి.

ఫోన్ సంగతి. అన్నం తినేటప్పుడు వీడియో పెడుతున్నావని మరదలు అంది. తను ఫిర్యాదు చేయలేదమ్మా, మాటల్లో వచ్చింది, మళ్ళీ దాన్ని ఏమీ అనకు. రెండు నుంచి నాలుగేళ్ళ పిల్లలకి రోజుకి గంట దాటకూడదని, ఎంత తగ్గితే అంత మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. రోజు మొత్తం మీద మూడు గంటలైనా ఒళ్ళు కదలాలని కూడా అదే చెప్పింది. మూడు పూటలా అన్నానికి వీడియో అంటే ఆ గంట అక్కడే అయిపోతుంది. పగలు బాల్కనీలో "కాకికో ముద్ద, నీకో ముద్ద" అను. నాకు అలాగే పెట్టేదానివి. రెండు రోజులు గోల చేస్తాడు, తినడు, నీకు టెన్షన్ వస్తుంది. ఒక పూట తక్కువ తింటే ఏమీ కాదు.

ఏ ఆటైనా పది నిమిషాలకి వదిలేస్తే నువ్వు నిరాశపడకు, ఆ వయసుకి పది నిమిషాలు చాలా ఎక్కువ. రోజూ అదే ఆట అడిగితే అదే ఆడించు. మనకే విసుగు, వాళ్ళకి కాదు.

కూర్చుని ఆడే ఆటల్లో అన్నిటికంటే నీకు నప్పేది కాళ్ళాగజ్జా. కాళ్ళు బారజాపి కూర్చోవడమే, నీ మోకాళ్ళకీ సుఖం. చిట్టితో ఆడదామని మొదలుపెడితే మధ్యలో రెండు చరణాలు నాకు గుర్తుకి రావట్లేదు. మీ అల్లుడు వాళ్ళ ఊరి పాఠం ఏదో పాడుతున్నారు, అది మనది కాదు. నువ్వు మొత్తం పాడి వాయిస్ మెసేజ్ పంపు. ఇక్కడ గడియారాలు ముందుకి జరిపాక తేడా నాలుగున్నర గంటలే, నీ సాయంత్రం టీ వేళకి చిట్టి మధ్యాహ్నం నిద్రకి ముందు ఖాళీగా ఉంటుంది. శనివారం చేస్తాను, బుడ్డోణ్ణి కూడా ఒళ్ళో కూర్చోబెట్టుకో.

నీ కూతురు