స్టెప్నీ లేని కారు కొనేవారికి ఆ మాట ముందే చెప్పాలి

సంపాదకులు గారికి నమస్కారాలు.

ఎండలు ముదిరాయంటే జాతీయ రహదారుల మీద టైరు పేలి కారు బోల్తా పడిందన్న వార్త మీ పత్రికలో వారానికి ఒకటైనా కనిపిస్తుంది. గత మే నెలలో అలాంటి వార్తగా మారవలసిన మేము నలుగురం, అదృష్టం కొంత, మా అల్లుడి నిబ్బరం కొంత కలిసి రావడంతో క్షేమంగా ఇల్లు చేరాము. ఆనాటి అనుభవం మా ఇంటి విషయమే అయితే ఈ ఉత్తరం రాసేవాడిని కాదు. గాలి పోయినా కొంత దూరం నడిచే రన్‌ఫ్లాట్ టైర్లు వేసి, స్టెప్నీ ఇవ్వకుండా అమ్ముతున్న కార్ల గురించి కొనేవారికి తెలియవలసిన సంగతులు కొన్ని తెలియడం లేదని ఆ రోజు గ్రహించాను గనుక రాస్తున్నాను.

హైదరాబాదు నుంచి విజయవాడకు 65వ నంబరు రహదారి మీద వస్తూ సూర్యాపేట దాటాము. అంతకు ముందు రాత్రి అక్కడ ఏ లారీయో ఆగిపోయి ఉండాలి. ఆగిన లారీ వెనక ఆనవాలుగా రాళ్లు పేర్చడం, బండి బాగయ్యాక వాటిని అక్కడే వదిలేసి పోవడం మన రోడ్ల మీద అందరూ చూసేదే. ముందు వెళ్తున్న బస్సు పక్కకు తప్పుకున్నాక గానీ ఆ రాయి మాకు కనిపించలేదు, కనిపించేసరికి ఎడమవైపు ముందు చక్రం దాని మీదికి ఎక్కనే ఎక్కింది. లక్ష్మీబాంబు కారు కిందే పేలినట్టు చప్పుడైంది, కారు ఎడమకు లాగేసింది. వెనక సీట్లోంచి మా అమ్మాయి "బ్రేకెయ్యండి, బ్రేకెయ్యండి" అని అరిచింది. ముప్పై ఏళ్లు భౌతికశాస్త్రం చెప్పిన నేనూ అదే అరిచానని ఒప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. అల్లుడు మా ఇద్దరి మాటా వినలేదు. స్టీరింగును రెండు చేతులతో బిగించి పట్టుకుని, యాక్సిలరేటరు మీద నుంచి కాలు మెల్లగా తీసి, కారు దానంతటది నెమ్మదించే దాకా బ్రేకు జోలికి పోకుండా, వేగం బాగా తగ్గాక మాత్రమే ఎడమ అంచుకు తెచ్చి ఆపాడు.

తరువాత ఆలోచిస్తే అందులోని లెక్క చాలా తేలికైనదే. గాలి పోయిన చక్రం మిగిలిన మూడింటికంటే ఎక్కువగా రోడ్డును పట్టి ఈడుస్తుంది కాబట్టి కారు అటువైపే తిరగాలని చూస్తుంది. ఆ క్షణంలో బ్రేకు గట్టిగా తొక్కితే బరువంతా ముందుకు వచ్చి సరిగ్గా ఆ పాడైన చక్రం మీదే పడుతుంది. భయంతో స్టీరింగును రెండో వైపుకు విదిలిస్తే కారు పక్కకు జారి పల్టీ కొట్టే వీలుంది. పేలింది వెనక టైరైతే కారు ఒక పక్కకు లాగడానికి బదులు తోక ఊపినట్టు ఊగుతుంది, అయినా చేయవలసింది మారదు. ఈ నాలుగు ముక్కలు లైసెన్సు ఇచ్చేటప్పుడు మనకు ఎవరూ చెప్పరు. 'హెచ్' ఆకారంలో బండి వెనక్కి తిప్పడం వస్తే చాలు, రహదారి మీద వంద వేగంతో పోవడానికి అర్హత వచ్చేసినట్టే.

ఆ టైరుకు దక్కవలసిన మెప్పు కూడా దానికి ఇవ్వాలి. మామూలు టైరైతే గాలి పోగానే రిమ్ము రోడ్డుకు తగిలేది. మాది రన్‌ఫ్లాట్ టైరు. దానికి సైడ్‌వాల్, అంటే టైరు పక్క గోడ, మందమైన రబ్బరుతో గట్టిగా ఉంటుంది గనుక గాలి లేకపోయినా కొంతసేపు కారు బరువును అదే మోస్తుంది. సాధారణంగా గంటకు 80 కిలోమీటర్ల వేగం మించకుండా, సుమారు 80 కిలోమీటర్ల దూరం పోవచ్చునని తయారీదారులు చెబుతారు. మా అల్లుడికి షోరూములో చెప్పింది ఈ అంకె ఒక్కటే. అందుకే అతడు ఏ మాత్రం కంగారు పడకుండా "మామయ్యగారూ, కోదాడ యాభై కూడా లేదు, మెల్లగా పోదాం" అని మళ్లీ బయలుదేరదీశాడు. మూడు నాలుగు కిలోమీటర్లు పోయామో లేదో కాలిన రబ్బరు వాసన, చక్రం దగ్గర చెప్పుతో కొట్టినట్టు టపటపమనే చప్పుడు మొదలయ్యాయి. దిగి చూస్తే సైడ్‌వాల్ బెత్తెడు పొడవున చీలి, లోపలి దారాలు బయటికి వచ్చి ఉన్నాయి.

ఆ 80 కిలోమీటర్ల మాట మేకు గుచ్చుకుని గాలి పోయిన టైరుకు సంబంధించినదే గానీ చీలిన టైరుకు సంబంధించినది కాదు. బరువు మోయవలసిన గోడే తెగిపోతే ఇక మోసేదేమిటి? కారుతో పాటు ఇచ్చిన పుస్తకంలో ఈ హెచ్చరిక ఉన్నది, ఇంగ్లీషులో, చిన్న అక్షరాల్లో, మేము రోడ్డు పక్కన తుమ్మచెట్టు కింద నిలబడి చదివాము. డిక్కీ తెరిస్తే స్టెప్నీ ఉండవలసిన చోట ఒక చిన్న గాలి పంపు, ఒక సీసా జిగురుమందు ఉన్నాయి. దారిన పోతూ ఆగిన పంక్చరు కుర్రవాడు ఆ సీసాను అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది మేకు బెజ్జానికి పనికొస్తుంది సార్, సైడ్‌వాల్ కట్టయితే ఏ మందూ ఆగదు" అని తేల్చి చెప్పాడు.

స్టెప్నీ లేకుండా కారు అమ్మడం చట్టవిరుద్ధం కాదు. 2020లో కేంద్ర ప్రభుత్వం మోటారు వాహనాల నియమాలను సవరించింది. ట్యూబ్‌లెస్ టైర్లు, గాలి పీడనం తగ్గితే డ్రైవరుకు తెలియజేసే ఏర్పాటు, టైరు మరమ్మతు కిట్టు ఉన్న చిన్న వాహనాలకు స్టెప్నీ తప్పనిసరి కాదన్నది. అలా మిగిలే చోటు విద్యుత్ కార్లలో పెద్ద బ్యాటరీకి పనికొస్తుందని కూడా అప్పట్లో చెప్పారు. నేను దాన్ని తప్పుపట్టను. అయితే మేకు దిగడమే తప్ప టైరుకు మరో ఆపద రాదన్న ఊహ మీద ఆ నియమం నిలిచినట్టు కనిపిస్తుంది. మన రోడ్ల మీద రాళ్లుంటాయి, ఇనప ముక్కలుంటాయి, రంగు వెలిసిన స్పీడ్ బ్రేకర్లుంటాయి, వంతెనల దగ్గర లేచిన అంచులుంటాయి. ఇవి బెజ్జం పెట్టవు, చీలుస్తాయి.

జాతీయ రహదారుల సహాయ నంబరు 1033కు ఫోన్ చేస్తే గస్తీ వాహనం వచ్చి, మా వెనక కోన్లు పెట్టి, క్రేను కుదిరే దాకా తోడుగా నిలబడింది. వారికి కృతజ్ఞతలు. అసలు ఇబ్బంది సూర్యాపేటకు వెనక్కి చేరాక మొదలైంది. నాలుగైదు దుకాణాలు తిరిగినా ఆ కొలతలో రన్‌ఫ్లాట్ టైరు లేదు. అదే కొలతలో మామూలు టైరు వేస్తామన్నారు గానీ, మూడు ఒక రకం, ఒకటి వేరొక రకం వేయడం మంచిది కాదని అల్లుడు ఒప్పుకోలేదు. మర్నాడు మధ్యాహ్నానికి హైదరాబాదు నుంచి ఆర్టీసీ కార్గోలో టైరు వచ్చింది. మేము వెళ్లవలసిన పెళ్లి ఆ ఉదయమే అయిపోయింది. ఖర్చు బీమాలో వస్తుందేమోనని అడిగితే, కారుకు మరే దెబ్బా తగలకుండా టైరు ఒక్కటే పాడైతే మామూలు పాలసీలో ఏమీ రాదనీ, కారు కూడా దెబ్బతింటే టైరు ఖరీదులో సగం మాత్రమే ఇస్తారనీ చెప్పారు.

మా తప్పు కూడా దాచను. బయలుదేరడానికి మూడు రోజుల ముందు డ్యాష్‌బోర్డు మీద టైర్లలో గాలి తగ్గిందని చెప్పే దీపం వెలిగితే, ఎండకు అలాగే వెలుగుతుందిలే అని అల్లుడు బటను నొక్కి ఆర్పేశాడు. మామూలు టైరులో గాలి తగ్గితే చూడగానే తెలుస్తుంది, క్లీనరు కాలితో తన్ని చెప్పేస్తాడు. రన్‌ఫ్లాట్ టైరు గాలి తగ్గినా బిగుసుకునే నిలబడుతుంది కాబట్టి కంటికీ కాలికీ ఏమీ తెలియదు, ఆ దీపం ఒక్కటే దిక్కు. గాలి తక్కువగా ఉన్న టైరు ప్రతి చుట్టుకూ ఎక్కువగా వంగి లోలోపల వేడెక్కుతుంది, రాయి తగిలినప్పుడు దానికీ రిమ్ముకూ మధ్య సులువుగా నలుగుతుంది. మాది అలాగే నలిగి చీలిందని టైరు దుకాణం ఆయన లోపలి మచ్చ చూపించి మరీ చెప్పాడు. ఎండాకాలంలో టైరు పేలకుండా గాలి కొంచెం తీసేయాలన్న నమ్మకం ఇంకా చాలామందిలో ఉంది. డ్రైవరు తలుపు పక్కన అంటించిన కాగితం మీద ఉన్న అంకె మేరకు, టైరు చల్లగా ఉన్నప్పుడు గాలి పెట్టించుకోవడమే సరైనది. టైరు పేలడం దైవఘటన అని ఒక బీమా కంపెనీ వాదిస్తే, అది మనిషి నిర్లక్ష్యమని 2023లో బొంబాయి హైకోర్టు తోసిపుచ్చింది. ఆ మాట మా ఇంటికీ వర్తిస్తుంది.

కాబట్టి రెండు తెలుగు రాష్ట్రాల రవాణా శాఖలకు మీ పత్రిక ద్వారా నా విన్నపం ఇది. స్టెప్నీ లేని కారు అమ్మేటప్పుడు ఆ సంగతినీ, రన్‌ఫ్లాట్ టైరు ఏ పరిస్థితిలో నడుస్తుంది, ఏ పరిస్థితిలో నడవదు అన్న వివరాన్నీ తెలుగులో ఒక పేజీ మీద రాసి, బయానా తీసుకోక ముందే కొనేవారి చేత సంతకం చేయించే పద్ధతి పెట్టాలి. అదనపు డబ్బు కట్టి స్టెప్నీ తీసుకునే అవకాశం ఆ పేజీలోనే ఉండాలి. టైరు పేలినప్పుడు ఏం చేయాలన్నది లెర్నర్స్ లైసెన్సు పరీక్షలో ఒక ప్రశ్నగానైనా చేర్చాలి. ఇందులో ఏ ఒక్కదానికీ ప్రభుత్వానికి పెద్ద ఖర్చు లేదు.

అల్లుడు ఆ నెలలోనే అదే కొలతలో ఒక చక్రం, ఒక జాకీ కొని డిక్కీలో బెల్టుతో కట్టించాడు. మొన్న తిరుపతి వెళ్లినప్పుడు సూట్‌కేసులు మా కాళ్ల దగ్గరే పెట్టుకుని కూర్చున్నాము.

ఇట్లు,
ఒక విశ్రాంత అధ్యాపకుడు,
విజయవాడ