చుక్క మళ్లీ తింటోంది

కైకలూరు,
ఆదివారం రాత్రి

అమ్మడూ,

పోయిన ఆదివారం నువ్వు ఫోన్‌లో నీ బాతు గురించి "నాన్నా, చుక్క ఎలా ఉంది?" అని అడిగితే, "దానికేం, బ్రహ్మాండంగా ఉంది" అన్నాను. అది అబద్ధం తల్లీ. అప్పటికి అది లేచి నిలబడి రెండు రోజులే అయింది. నీకు పరీక్షలు జరుగుతున్నాయి, చెప్పొద్దని మీ అమ్మ ఆపింది. నాకూ చెప్పే ధైర్యం లేకపోయింది. ఇప్పుడు గండం గడిచింది కాబట్టి అంతా రాస్తున్నాను. హాస్టల్ ఫోన్‌లో పది నిమిషాల్లో చెప్పే సంగతి కాదిది.

దాళ్వా కోతలయ్యాక మన చేలో బాతుల మంద దిగినప్పుడు, మందతో నడవలేని పిల్లని వాళ్లు నీ చేతిలో పెట్టి వెళ్లారు కదా. సెలవులన్నాళ్లూ నువ్వు దాన్ని పొద్దున్నే బోదె కాలువ గట్టుకి తీసుకుపోయేదానివి. బురదలో ఎర్రలు తవ్వి పెట్టేదానివి, నత్తలు ఏరి వేసేదానివి. కాళ్లనిండా బురదతో వస్తే నేను కేకలేసేవాణ్ని. నువ్వు కాలేజీకి వెళ్లిపోయాక, కుక్కల భయానికి దాన్ని పెరట్లో దడి కట్టి ఉంచాను. రోజూ మూడు పూటలా తెల్లన్నం, అప్పుడప్పుడూ బిస్కెట్లు. వాకిలి తడవకుండా నీళ్లు చిన్న పళ్లెంలో పెట్టాను. అన్నం గిన్నె ఎప్పుడూ నిండుగానే ఉండేది. అందుకే లోపల అది ఎండిపోతోందని నాకు తట్టలేదు.

శ్రావణం వెళ్లేసరికి కుంటడం మొదలుపెట్టింది. మోకాలిలా కనిపిస్తుందే, ఆ కీలు ఉబ్బి, కాళ్లు విల్లులా వంగాయి. తర్వాత గిన్నె దగ్గరికే రావడం మానేసింది. ఒక రాత్రి ఎత్తుకుంటే చేతిలో బరువే లేదు. ఈకల కింద చెయ్యిపెట్టి చూస్తే రొమ్ము ఎముక కత్తి అంచులా తగిలింది. రెట్ట ముదురాకుపచ్చగా, నీళ్లలా పడుతోంది. రొయ్యల కాటా మీద పెడితే ఎనిమిది వందల యాభై గ్రాములు తూగింది.

మామ్మ జాలిపడి, ముక్కు తెరిచి గంజి పోయబోయింది. ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపింది పశువుల డాక్టరు గారే. పశువుల అంబులెన్సు నంబరు 1962కి ఫోన్ చేస్తే వ్యాను వచ్చింది, అందులో వచ్చారాయన. చుక్క ముక్కు తెరిచి నాకు చూపించారు. నాలుక మొదట్లో చిన్న చీలిక ఉంది, అదే గాలిగొట్టం ద్వారం. శ్వాస తీసినప్పుడల్లా తెరుచుకుంటోంది. గంజి పోస్తే నేరుగా ఊపిరితిత్తుల్లోకే పోతుందన్నారు. ఆ రెట్ట రంగుకి కారణం కూడా చెప్పారు. కడుపులో తిండి లేక పిత్తం ఒక్కటే దిగుతోందట.

"ఏం పెడుతున్నారు?" అని అడిగారు. గర్వంగానే చెప్పాను, మేం తినే సన్నబియ్యం అన్నమే అని. ఆయన కోప్పడలేదు. నెమ్మదిగా విడమరిచి చెప్పారు. మిల్లులో పాలిష్ పట్టినప్పుడు బలం చాలావరకు తవుడులోకి పోతుంది, మిగిలేది ఎక్కువగా పిండిపదార్థమే. బాతు పిల్లలకి నయాసిన్, అంటే బీ3 విటమిన్, కోడి పిల్లలకన్నా చాలా ఎక్కువ కావాలి. అది చాలకపోతే మొదట దెబ్బతినేవి కాళ్లే. నువ్వు బైపీసీ కదా, నీకు ఉపయోగపడుతుందని ఇంకో సంగతి కూడా రాస్తున్నాను. 1890ల్లో జావాలో ఐక్‌మన్ అనే డచ్ డాక్టరు దగ్గర కోళ్లు ఇలాగే కాళ్లు పడిపోయి కూలబడ్డాయట. ఆరాతీస్తే, ఆసుపత్రి వంటింట్లో మిగిలిన తెల్లన్నం వాటికి వేస్తున్నారని తేలింది. కొత్త వంటవాడు వచ్చి ఆ అన్నం ఇవ్వనన్నాడు. ముడిబియ్యం వేశారు, కోళ్లు లేచి తిరిగాయి. అక్కడ లోపం బీ1ది, మనదానికి బీ3 కూడా. ఆ పరిశోధనకే ఆయనకి 1929లో నోబెల్ వచ్చింది. డాక్టరు గారు ఇది చెబుతున్నంతసేపూ నాకు మన గిన్నే కళ్లముందు మెదిలింది.

మొదటి రోజు తిండి పెట్టనే లేదు. ఒళ్లు చల్లబడిన పక్షికి తిండి అరగదట. అట్టపెట్టెలో గోనె పరిచి, ఒక వైపు మాత్రమే బల్బు వేలాడదీశాం. వేడెక్కువైతే అవతలికి జరగడానికి చోటుండాలి కదా. ఒళ్లు వెచ్చబడ్డాక, డాక్టరు గారిచ్చిన పొడి కలిపిన నీళ్లు ముక్కు అంచున ఒక్కో చుక్కా అంటించాం. అది తనంతట తాను చప్పరించి మింగింది. రెండో రోజు నుంచి నూకలు మెత్తగా ఉడికించి, తాజా తవుడు, ఉడికిన గుడ్డు పచ్చసొన కలిపి, గంట గంటకీ చెంచాడు. పొద్దుటి నీళ్లలో బీ కాంప్లెక్సు చుక్కలు. మీ అమ్మ రాత్రి రెండింటికి అలారం పెట్టుకుని లేచేది. నీ చిన్నప్పుడు నీకు జ్వరమొస్తే లేచినట్టే లేచింది.

అయినా సరిగా తినలేదు, అమ్మడూ. ఒక ముద్ద తీసుకునేది, తల విదిలించేది, ఆగిపోయేది. మూడో రోజు దగ్గరగా కూర్చుని చూశాను. ముక్కురంధ్రాల్లో మెతుకు ఎండి, గట్టిగా అంటుకుపోయి ఉంది. గోరువెచ్చని నీళ్లలో దూది ముంచి తుడిచాను. తర్వాత ఆ పళ్లెం పక్కన పారేసి, తల ముంచేంత లోతుగా గిన్నెలో నీళ్లు పెట్టాను. చుక్క ఒక ముద్ద నోట కరుచుకుంది, గిన్నెలో కళ్లదాకా ముంచింది, గుడగుడమని బుడగలు వదిలి మింగింది. మళ్లీ ముద్ద, మళ్లీ నీళ్లు. తిండికీ నీటికీ మధ్య అలా ఇరవైసార్లు తిరిగింది. బాతుకి నీళ్లు లేకుండా మెతుకు దిగదు. ఇన్ని నెలలూ దానికి అన్నం పెట్టాను గానీ, తినే వీలు ఇవ్వలేదు.

పశువుల పాకలో వేరుశనగ చెక్క మూల బూజు పట్టింది, అది కూడా తీసి కాల్చేశాను. ఆ బూజు విషానికి బాతులు తట్టుకోలేవట. 1960లో ఇంగ్లండులో లక్ష దాకా టర్కీ కోళ్లు చచ్చిపోయాయి, బాతుపిల్లలూ పోయాయి. కారణం వాటి దాణాలో కలిసిన బూజు పట్టిన వేరుశనగ పిండి. అందుకని తవుడు కూడా ఇప్పుడు వారానికి సరిపడానే తెస్తున్నాను, నిలవుంటే కనరు వాసన వస్తుంది.

రోజూ పొద్దున్నే తిండికి ముందు తూచి, క్యాలెండర్ మీద రాస్తున్నాను. వారం దాకా ఒక రోజు పెరిగితే ఇంకో రోజు తగ్గింది. ఈ పొద్దున కిలో నూట ఎనభై. రెట్ట రంగు మారింది. కాటా ఎక్కించబోతే నా వేలు పొడిచింది, ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. ఎడమకాలి వంకర మాత్రం పూర్తిగా పోదన్నారు డాక్టరు గారు. అది నావల్ల జరిగింది. నువ్వొచ్చి చూసి బాధపడేకన్నా ముందే తెలియాలని రాస్తున్నాను.

దసరాకి వచ్చినప్పుడు బిస్కెట్లు తేవద్దు, మీ స్నేహితులు ఇచ్చినా సరే. మామ్మ ఉప్పు చేప తల వేయబోతే వద్దని చెప్పు, ఉప్పు ఎక్కువైతే పక్షులకి విషం. అప్పుడే చెరువులోకి కూడా దింపకు. జబ్బు చేసినన్నాళ్లూ ఈకలు దువ్వుకోలేదు, తడిస్తే నీరు లోపలికి దిగి చలికి వణుకుతుంది. ప్రస్తుతం చీలమండ లోతు నీళ్లే, అది కూడా ఎండలో పావుగంట.

ఈ సాయంత్రం దాన్ని ఎత్తుకుని బోదె దగ్గరికి వెళ్లాను, నువ్వు కూర్చునే తాటి దుంగ మీదే కూర్చున్నాను. చాలాసేపు కదల్లేదు. తర్వాత కుంటుకుంటూ అంచుకి వెళ్లి, మెడదాకా బురదలో పొడిచి, చిన్న నత్తని పైకి తీసింది. నీళ్లలో రెండుసార్లు ఆడించి, చిప్పతో సహా మింగేసింది. రేపటి నుంచి పొద్దున్నే నేనే తీసుకెళ్తాను.

దాని నీళ్లకి నీ స్టీలు బేసిన్ వాడుతున్నాను. నీకు సెలవులకి కొత్తది కొంటాను.

ప్రేమతో,
నాన్న